చీరల పెట్టెలో మగ్గం: భేస్తాన్ ఇళ్లలో వేసవి ప్రయోగాలు

వేసవి సెలవుల్లో పిల్లలతో ఏం చేయించాలి అని అడిగితే దొరికే సలహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రంగు కాగితాలు కొనండి, జిగురు కొనండి, ఫలానా కిట్ తెప్పించండి అంటారు. ఇంట్లో పిల్లల కోసం ఒక గది ఖాళీగా ఉంటుందనీ, పక్కన కూర్చుని చూపించే తీరిక పెద్దవాళ్లకు ఉంటుందనీ ఆ సలహాలు ఇచ్చేవారు ముందే అనుకుంటారు. సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న భేస్తాన్‌లో ఈ రెండూ అరుదే.

ముంబై రైలు మార్గంలో ఉధనా, సచిన్ స్టేషన్ల మధ్య వచ్చేది భేస్తాన్. పక్కనే పాండేసరా పారిశ్రామికవాడ, అందులో బట్టలకు రంగులద్దే మిల్లులు, చుట్టూ మరమగ్గాల షెడ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం సూరత్ చేరిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధనాల నుంచి ఈ వైపు దాకా స్థిరపడ్డాయి. ఇంటి పెద్ద ‘ఖాతా’లో సాంచాలు నడుపుతాడు. షిఫ్టు అంటే సాధారణంగా 12 గంటలు, ఒక వారం పగలైతే మరో వారం రాత్రి. చాలా ఇళ్లలో తల్లి కూడా ఖాళీగా ఉండదు. చీరలకు రాళ్లు అంటించడం, లేసు కుట్టడం, మిగిలిన దారపు కొసలు కత్తిరించడం వంటి పని ఇంటికే వస్తుంది.

తెలంగాణలో ఏప్రిల్ చివర్లోనే బడులు మూస్తారు. గుజరాత్‌లో మే మొదటి వారం దాటాక మూసి, జూన్ రెండో వారం ప్రాంతంలో తెరుస్తారు. సొంత ఊరు వెళ్లగలిగినవారు వెళతారు. వెళ్లలేని పిల్లలకు ఆ ఐదు వారాలు రేకుల కప్పు కింద ఒక గది, ఒక ఫోను, బయట ఎండ. లేదంటే తల్లి పక్కన కూర్చుని రాళ్లు అంటించడం. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదం లేని కుటుంబ పనిలో సెలవుల్లో పిల్లలు సాయం చేయవచ్చు. అయితే పిల్లలకు పని అప్పజెప్పడం వేరు, ఆ పని లోపలి కిటుకును వాళ్లకు చూపించడం వేరు. ఈ వ్యాసం రెండో దాని గురించి.

ఎందుకంటే సైన్సు ప్రయోగాలకు కావలసిన సరుకు భేస్తాన్‌లో దొరికినంతగా పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో కూడా దొరకదు. చీరలు వచ్చే అట్టపెట్టెలు, బట్ట చుట్టిన అట్ట గొట్టాలు, దారం అయిపోయిన కాగితపు కోనులు, చిందీ అని పిలిచే బట్ట ముక్కలు, చీరల మీది పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లు ఇక్కడ వీధి చివర పోగులు పడి ఉంటాయి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడాన్ని దేశమంతా పరిచయం చేసిన అరవింద్ గుప్తా, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పని చేస్తూ మొదలుపెట్టింది సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో, అగ్గిపుల్లలతో. ఊరి సంతలో దొరికేవి అవే. భేస్తాన్ సంతలో దొరికేవి ఇవి.

అట్ట మగ్గం

మొదట మగ్గంతోనే మొదలుపెడదాం. చీర పెట్టె మూత ఒకటి తీసుకోండి. పొడవు ఒక జానెడు, వెడల్పు కాస్త తక్కువ ఉంటే చాలు. పైఅంచు మీద, కింది అంచు మీద అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున గాట్లు పెట్టాలి. ఈ గాట్లు మాత్రం పెద్దవాళ్లే కత్తెరతో పెట్టాలి, బ్లేడు పిల్లల చేతికి ఇవ్వవద్దు. పై గాటు నుంచి కింది గాటుకు, అక్కడి నుంచి మళ్లీ పైకి, దారాన్ని బిగువుగా చుట్టుకుంటూ పోతే నిలువు దారాలు వస్తాయి. ఇది పడుగు. ఐస్‌క్రీం పుల్లకు గాని పెద్ద పిన్నీసుకు గాని రంగు దారం కట్టి, ఒక దారం పైనుంచి, మరో దారం కిందనుంచి అడ్డంగా పోనిస్తే అది పేక. పుల్ల నాడె అవుతుంది. వరుసను కిందికి నొక్కడానికి పాత దువ్వెన పెట్టుకుంటే అదే అచ్చు.

మొదటి వరుసలో పైకి వచ్చిన దారం రెండో వరుసలో కిందికి పోవాలి. ఇది సాదా నేత. పది వరుసలు నేసేసరికి పిల్లల చేతికి లయ దొరుకుతుంది, పన్నెండేళ్ల పిల్లలకైతే విసుగు కూడా పుడుతుంది. అప్పుడు పద్ధతి మార్చమనండి. రెండు దారాల పైనుంచి, రెండు దారాల కిందనుంచి పోనిచ్చి, ప్రతి వరుసలోనూ ఒక దారం పక్కకు జరపాలి. బట్ట మీద ఏటవాలు గీతలు తేలతాయి. దీన్నే ట్విల్ నేత అంటారు. జీన్స్ ప్యాంటు మీద కనిపించే వాలు గీతలు కూడా ఈ కుటుంబానివే. సాదా నేతలో దారం ప్రతి అడుగులోనూ వంగుతుంది, ట్విల్‌లో కొంత దూరం తిన్నగా సాగుతుంది. అందుకే ట్విల్‌లో దారాలను మరింత దగ్గరగా కుక్కవచ్చు, బట్ట మందంగా వస్తుంది. ఈ మాట ముందే చెప్పకుండా రెండు ముక్కలూ చేతికిచ్చి తేడా ఏమిటని అడగండి.

లెక్క కూడా ఇక్కడే ఉంది. ఈ ట్విల్ నాలుగు వరుసలకు ఒకసారి మొదటికి వస్తుంది. పేక రంగులను ఎరుపు, ఎరుపు, నీలం అని మూడేసి వరుసలుగా మారిస్తే, రంగూ నేతా కలిసి మళ్లీ మొదటికి వచ్చేది ఎన్నో వరుసకు? పన్నెండు వరుసలు పూర్తయ్యాక. క.సా.గు. అన్న పేరు వినగానే మొహం చిట్లించే పిల్లలు, ఇక్కడ దాన్ని వేలితో లెక్కపెట్టి కనుక్కుంటారు. బడిలో ఆ పాఠం మళ్లీ వచ్చినప్పుడు వాళ్లకు గుర్తొచ్చేది ఎరుపు, నీలం గీతల ముక్క.

ఇప్పుడు గళ్ల కాగితం మీద ఆ నేతను గీయించండి. పడుగు పైకి ఉన్న చోట గడిని నింపాలి, కిందికి ఉన్న చోట ఖాళీగా వదలాలి. ఉన్నది, లేనిది. ఒకటి, సున్నా. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తయారుచేసిన మగ్గం ఇదే సూత్రం మీద నడిచింది. అట్ట కార్డుకు రంధ్రం ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. రంధ్రాల కార్డుతో యంత్రానికి ఆజ్ఞ ఇవ్వవచ్చన్న ఆ ఆలోచనను ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం కోసం తీసుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డుల యంత్రాలతోనే తేల్చాడు. తండ్రి నడిపే జకార్డు సాంచాకు, చేతిలోని ఫోనుకు ఈ చుట్టరికం ఉందని పిల్లలకు చెప్పినవారు తక్కువ. కంప్యూటరు కోర్సుకు వేల రూపాయలు కట్టే ముందు ఒక గళ్ల కాగితం ప్రయత్నించి చూడవచ్చు.

తొమ్మిది వేల సార్లు

నేత ఇళ్లలో నాయనమ్మలకు బాగా తెలిసిన మాట ఒకటుంది, ఆసు. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోస్తారు. చెయ్యి ముందుకు, వెనక్కు ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిపోయినా, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశారు. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని ఆమె పేరే పెట్టారు. గుజరాత్‌లోనే ఉన్న నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆ కృషిని గుర్తించింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

దీన్ని కథగా చెప్పి వదిలేయకండి. అట్ట మీద అర్ధవృత్తం గీసి, దాని వెంట పదిహేను, ఇరవై గుండుసూదులు గుచ్చండి. వృత్త కేంద్రం దగ్గర ఒక మేకు. కేంద్రం నుంచి మొదటి సూదికి, మళ్లీ కేంద్రానికి, అక్కడి నుంచి రెండో సూదికి దారం పోయాలి. ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని ఎన్నిసార్లు పోయగలిగారో లెక్కపెట్టండి. ముప్పై అనుకుందాం. 9,000ను 30తో భాగిస్తే 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. మల్లేశం యంత్రం ఆ పనిని గంటన్నరకు దించింది. మూడు నిమిషాలకే చెయ్యి లాగుతుందని పిల్లలు చెబితే, అప్పుడు ఊళ్లోని నాయనమ్మకు ఫోన్ చేసి ఆమె రోజుకు ఎన్ని పోసేదో అడిగించండి. ఆ సంభాషణ ఎక్కువసేపే సాగుతుంది.

ఇక్కడే ఇంకో పని. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. అయినా వీధిలో ఆట హిందీలో, అంగట్లో బేరం గుజరాతీలో సాగే పిల్లలకు తెలుగులో ముందుగా జారిపోయేవి పని మాటలే. అట్ట మగ్గానికి చీటీలు అంటించి రెండు భాషల్లోనూ పేర్లు రాయించండి. పడుగుకు గుజరాతీలో తాణో, పేకకు వాణో, చేమగ్గానికి హాథ్‌సాళ, దారానికి దోరో, సూదికి సోయ్. నాడె, కండె, ఆసు, రాట్నం, గుంటమగ్గం వంటి మాటలకు అర్థం పుస్తకంలో వెతకడం కంటే ఇంట్లోని ముసలివాళ్లను అడగడం నయం. ఒక పాత నోటుబుక్కులో మాట, దాని పక్కన బొమ్మ, ఎవరు చెప్పారో వాళ్ల పేరు రాసుకుంటే వేసవి అయ్యేసరికి చిన్న నిఘంటువు తయారవుతుంది. అసలు వీటన్నిటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఇదే.

చుక్కనీటి భూతద్దం

చీర కవరు అట్టకు బఠానీ గింజంత రంధ్రం చేసి, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను బిగువుగా అంటించండి. రంధ్రం మీదుగా ఒక్క నీటి చుక్క వేయండి. అట్టను బట్ట ముక్కకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని, చుక్కలోంచి చూస్తూ పైకీ కిందికీ కదిపితే ఒకచోట దారాలు లావుగా, స్పష్టంగా కనిపిస్తాయి. చుక్క ఉబ్బెత్తుగా ఉంటుంది గనుక కటకంలా పనిచేస్తుంది. చుక్క ఎంత చిన్నదైతే దాని వంపు అంత ఎక్కువ, కాబట్టి అంత పెద్దదిగా చూపిస్తుంది. పెద్ద చుక్క వేస్తే బాగా కనిపిస్తుందని పిల్లలు అనుకుంటారు. వేసి చూడనివ్వండి.

ఇది బట్టల వ్యాపారుల పనిముట్టే. సెంటీమీటరుకు ఎన్ని దారాలున్నాయో లెక్కించడానికి వ్యాపారులు భూతద్దం వాడతారు. హాలండులోని డెల్ఫ్ట్‌లో 1632లో పుట్టిన ఆంటోనీ వాన్ లేవన్‌హుక్ కూడా బట్టల వ్యాపారే. తన చేత్తో నూరుకున్న చిన్న కటకాలతో చెరువు నీటిని, పంటి గారను చూసి, కంటికి కనిపించని జీవులను ప్రపంచానికి మొదట వర్ణించాడు. 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఆయన రాసిన ఉత్తరం సూక్ష్మజీవ శాస్త్రానికి నాంది. అంతకు ముందు 1665లో రాబర్ట్ హుక్ అచ్చువేసిన ‘మైక్రోగ్రఫియా’లోనూ పట్టు, నార బట్టల నేతను సూక్ష్మదర్శినిలో చూసి గీసిన బొమ్మలున్నాయి. సూక్ష్మదర్శిని చరిత్రలో బట్టకు ఇంత చోటు ఉందని సూరత్‌లో చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాం?

నాలుగైదు రకాల చిందీలు తెచ్చి, సెంటీమీటరు పొడవున దారాలు లెక్కపెట్టి పట్టిక రాయించండి. పడుగు దారాలు ఎన్ని, పేక దారాలు ఎన్ని, రెండూ సమానమా? జవాబు సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఇంట్లోనే నిపుణుడున్నాడు. షిఫ్టు దిగి వచ్చాక నాన్నను అడగవచ్చు.

తడి బట్ట, వేడి గది

సూరత్ ప్రధానంగా పాలిస్టరు నగరం. పాలిస్టరు తేమను దాదాపుగా పీల్చదు. మామూలు గాలిలో అది తన బరువులో 0.4 శాతం తేమనే పట్టుకుంటే, పత్తి 8 శాతం దాకా పట్టుకుంటుంది. రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదానికి తడిపిన పాత నూలు చీర ముక్క, మరోదానికి తడిపిన పాలిస్టరు ముక్క చుట్టి, గాలి తగిలే చోట నీడలో పెట్టండి. ఏ బట్ట ముందు ఆరింది? ఏ గ్లాసులో నీళ్లు ఎక్కువసేపు చల్లగా ఉన్నాయి? జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. గది ఉష్ణోగ్రత చూపే చవక థర్మామీటరు ఉంటే మంచిది, లేకపోతే కళ్లు మూసుకున్న తమ్ముడి వేలు చాలు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడిని చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. మట్టి కుండ చల్లదనమూ, చెమట చల్లదనమూ ఇదే.

ప్రయోగం ఒక్కోసారి అనుకున్నట్టు రాదు. పాలిస్టరు పోగులు లోపలికి నీటిని పీల్చకపోయినా, సన్నని పోగుల మధ్య సందుల్లోంచి నీరు పాకుతుంది. అందుకే కొన్ని పాలిస్టరు బట్టలు పత్తి కంటే వేగంగా తడుస్తాయి. పిల్లలు అలా గమనించి చెబితే తప్పు చేశారనకండి, సరిగ్గా చూశారనే అర్థం.

ఇంకో తమాషా. సిరిసిల్లలో అమ్మమ్మ కుండలో నీళ్లు చల్లగా ఉన్నంతగా భేస్తాన్ కుండలో ఉండవని పిల్లలే అంటారు. కారణం కుమ్మరి కాదు, సముద్రం. అరేబియా సముద్రం దగ్గర్లోనే ఉండడంతో మే నెలలో సూరత్ గాలిలో తేమ ఎక్కువ. అప్పటికే తేమ నిండిన గాలిలోకి నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. కుండ చల్లదనం తగ్గుతుంది. ఒంటి చెమట కూడా అలాగే ఆరదు. థర్మామీటరు 37 డిగ్రీలే చూపినా ఇక్కడ ఉక్కకు తట్టుకోలేకపోవడానికి కారణం అదే. ఎండాకాలం జాగ్రత్తలను ఉష్ణోగ్రత ఒక్కటే చూసి తీసుకోకూడదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

రేకుల గదికి సంబంధించిన ప్రయోగం కూడా ఇందులోనే చేరుస్తాను. రెండు పాత డబ్బా మూతలు తీసుకుని, ఒకదానికి తెల్ల సున్నం పూయండి. రెంటినీ ఉదయం ఎండలో పెట్టి, కింద ఒకే పరిమాణంలో మంచు ముక్కలు ఉంచండి. ఏది ముందు కరుగుతుందో చూడండి. తెలుపు ఎండను ఎక్కువగా తిప్పికొడుతుంది. 2010 మే నెలలో వడగాలులు అహ్మదాబాద్‌ను కుదిపేశాక, 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళికను అమలులోకి తెచ్చింది. పైకప్పులకు తెల్లరంగు వేయడం తర్వాతి ఏళ్లలో అందులో భాగమైంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది. ఇంటి యజమానితో రేకుల మీద సున్నం గురించి మాట్లాడే రోజున, మంచు ముక్క ఎన్ని నిమిషాలు ఆగిందో రాసుకున్న కాగితం చేతిలో ఉంటే నష్టం లేదు.

కోను ఫోను, చిందీ పెట్టె

రెండు కాగితపు కోనులు, మధ్య పదిహేను అడుగుల దారం. ఇది అందరికీ తెలిసిన ఆటే. అయితే ఇక్కడ దారాలు రకరకాలుగా దొరుకుతాయి గనుక ఆటను పరీక్షగా మార్చవచ్చు. నూలు దారం, పాలిస్టరు దారం, సాగే దారం. ఏది గుసగుసను స్పష్టంగా మోస్తుంది? దారం వదులైతే ఏమవుతుంది? మధ్యలో ఒకరు వేలితో పట్టుకుంటే? జనవరి ఉత్తరాయణంలో మిగిలిన గాలిపటాల మాంజా మాత్రం వద్దే వద్దు. దాని మీది గాజు పొడి వేళ్లను కోస్తుంది.

ఒక్క కోనును తమ్ముడి ఛాతీకి ఆనించి సన్న కొసను చెవి దగ్గర పెట్టుకుంటే గుండె చప్పుడు వినిపిస్తుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు రెనే లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది.

దీని తర్వాతి ప్రయోగం ఆట కాదు. మరమగ్గాల షెడ్డులో చప్పుడు తరచుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి అందులో పనిచేసినవారికి వినికిడి మెల్లగా తగ్గుతుంది. ఇంట్లో టీవీ శబ్దం ఏటేటా పెరుగుతూ పోతే అది చెవి చెబుతున్న మాట కావచ్చు. ఒక ఫోనులో గంట మోగించి చీర పెట్టెలో పెట్టండి. మరో ఫోనులో శబ్దాన్ని కొలిచే ఉచిత యాప్ తెరిచి, అడుగు దూరంలో అంకె రాసుకోండి. తర్వాత పెట్టెను నూలు చిందీలతో, పాలిస్టరు చిందీలతో, దూదితో, చివరికి కాగితపు ఉండలతో ఒక్కోసారి నింపి మళ్లీ కొలవండి. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాదు, కానీ ఒకే ఫోనుతో కొలిచినప్పుడు తేడా నమ్మదగినదే. పది డెసిబెల్స్ తగ్గితే శబ్దశక్తి పదో వంతుకు పడినట్టు. పట్టికలో ఏది గెలిచిందో నాన్నకు చూపించి, చెవిలో పెట్టుకునే రబ్బరు బిరడాల సంగతి అక్కడ ఎత్తితే, పెద్దవాళ్లు చెప్పినప్పటి కంటే ఎక్కువ పని జరగవచ్చు. చెవి లోపల చిందీలు, దూది కుక్కుకోవడం సరైన రక్షణ కాదని కూడా అప్పుడే చెప్పాలి.

షెడ్డు లోపలికి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లకండి. సాంచాల పట్టాలు, ఎగిరే నాడెలు చూడముచ్చటగానే ఉంటాయి, చేతిని మాత్రం క్షమించవు.

సూరత్ రెండో పరిశ్రమ వజ్రాల సాన. దాని కోసం చీకటి పడ్డాక ఒక ఆట. ప్లాస్టిక్ సీసాకు అడుగున చిన్న రంధ్రం చేసి నీళ్లు పోసి, రంధ్రానికి ఎదురుగా అవతలి వైపు నుంచి టార్చి వేయండి. నీటి ధార వంగిన చోట వెలుగు కూడా దానితోపాటే వంగి, కింద పెట్టిన చేతి మీద పడుతుంది. వెలుగు ధార అంచును తాకి లోపలికే తిరిగి వస్తుంది. జాన్ టిండాల్ 1854లో ఇదే చేసి చూపించాడు. వజ్రంలో ఈ గుణం ఇంకా ఎక్కువ, అందుకే సానపట్టిన వజ్రం లోపలికి పోయిన వెలుగును కళ్లకే తిప్పి పంపుతుంది. తెలుగు నేల మీది గోల్కొండ వజ్రాల కోసం 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే సూరత్ రేవులో దిగి గోల్కొండ దాకా వెళ్లేవాడు. ఆ దారిని మజిలీలతో సహా రాసిపెట్టాడు కూడా. సూరత్‌కూ తెలుగు నేలకూ రాకపోకలు ఇప్పటివి కావన్నమాట.

నీడ, ఫోను, భూమి చుట్టుకొలత

ఇది పెద్ద పిల్లలకు. ఊళ్లో ఒక చుట్టం సహకారం కూడా కావాలి. మధ్యాహ్నపు ఎండలో చేసే పని గనుక టోపీ పెట్టుకుని, నీడను గుర్తుపెట్టేంతసేపే డాబా మీదికి వెళ్లి వచ్చేయాలి.

మన గడియారాలన్నీ ఒకే సమయం చూపినా, సూర్యుడు అందరికీ ఒకేసారి నడినెత్తికి రాడు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. భేస్తాన్ సుమారు 72.9 డిగ్రీల మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాలు. అందువల్ల మే నెలలో ఇక్కడ అసలు మధ్యాహ్నం 12 గంటల 36 నిమిషాల ప్రాంతంలో అవుతుంది. సిరిసిల్ల 78.8 డిగ్రీల మీద ఉంది కాబట్టి అక్కడ 12 గంటల 11 నిమిషాలకే. నిలువుగా నిలబెట్టిన కర్ర నీడ అతి పొట్టిగా ఉన్న నిమిషం రాసుకుని, సాయంత్రం ఫోనులో రెండు అంకెలూ పోల్చుకుంటే తేడా ఇరవై నాలుగు నిమిషాల దగ్గరగా వస్తుంది. ఆ తేడాను నాలుగుతో భాగిస్తే రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య ఆరు డిగ్రీలు. అట్లాసు చూసి సరిచూసుకోవచ్చు.

మే 13 ప్రాంతంలో సిరిసిల్లలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణం నిలువు కర్రకు నీడే ఉండదు. అదే రోజు భేస్తాన్‌లో మీటరు పొడవున్న కర్రకు, ఇక్కడి అసలు మధ్యాహ్నానికి, ఉత్తరం వైపు దాదాపు 4.7 సెంటీమీటర్ల నీడ పడుతుంది. అంటే 2.7 డిగ్రీల కోణం. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 300 కిలోమీటర్లు. దారి వెంట దూరం కాదు, పటంలో నిలువుగా కొలిచేది. వృత్తానికి 360 డిగ్రీలు గనుక, 360ని 2.7తో భాగించి 300తో గుణిస్తే 40,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత అది. ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు పైగా క్రితం ఎరటోస్తనీస్ చేసిన లెక్క కూడా ఇదే. ఆయనకు వచ్చిన కోణం 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో యాభయ్యో వంతు. మనకు కోణం చిన్నది కాబట్టి నీడను అర సెంటీమీటరు తప్పుగా కొలిస్తే జవాబులో పది శాతం తేడా వస్తుంది. అందుకే ముగ్గురు వేర్వేరుగా కొలిచి సగటు తీయడం మంచిది. కర్ర నిటారుగా ఉందో లేదో చూడడానికి దారానికి రాయి కట్టి వేలాడదీయండి.

భేస్తాన్‌లో నీడ మాయమయ్యే రోజు మే 26, 27 తేదీల ప్రాంతంలో వస్తుంది. దారం లేని కోనును బోర్లించి పెడితే దాని చుట్టూ ఎటూ నీడ ఉండదు. ఆ తర్వాత సూర్యుడు ఉత్తరానికి జరిగిపోయి, మధ్యాహ్నం నీడ ఏడాదంతటిలో ఆ కొన్ని వారాలే దక్షిణం వైపు పడుతుంది. ఇంటి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటే ఈ మార్పు దానంతటదే తెలుస్తుంది.

జూన్ మధ్యలో వాన వస్తుంది. అప్పటికి నిలువు గోడల ప్లాస్టిక్ సీసా పైభాగం కత్తిరించి, బోర్లించి గరాటులా అమర్చి, పక్కన స్కేలు అంటించి ఉంచుకుంటే వానమాపకం సిద్ధం. సీసా అడుగు వంపు దాకా ముందే నీళ్లు పోసి, అక్కడి నుంచి సున్నా మొదలుపెట్టాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న రేకుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 93 లీటర్ల నీళ్లు, ఆరు బిందెలకు పైనే. బడి తెరిచాక కూడా రోజూ ఉదయం చూసి రాయవచ్చు. జులై 16 ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి తిరిగి వస్తూ భేస్తాన్ నడినెత్తి మీదుగా మరోసారి పోతాడు. ఆ రోజు ఆకాశంలో మబ్బులే ఉండవచ్చు. 12 గంటల 45 నిమిషాల వేళ ఒకసారి డాబా మీద కోను పెట్టి చూడండి.